సారు పేరు మీద గీత

రెండ్రోజులుగా ఆఫీసులో నన్ను చూసి అందరూ నవ్వుకుంటున్నారు. నాకు మాత్రం ఏడుపొస్తోంది! ఏం చేశానంటారా? నిక్షేపంలా ఉన్న మనిషిని ఒక్క మెయిల్‌తో పైకి పంపించేశాను.

మా ఆయనా, పాపా ఎస్.కోటలో. నేను ఉద్యోగం పేరుతో శ్రీకాకుళంలో. పాపకి జడ ఎలా వెయ్యాలో వీడియో కాల్‌లో మా ఆయనకి చెప్పడమే నా కాపురం. నా ట్రాన్స్‌ఫర్ ఫైలు మా పెద్దసారు టేబుల్ మీదుంది. ఆయన ఈ నెలాఖరుకి రిటైర్. వెళ్ళేలోపు ఒక్క సంతకం పెడితే చాలు! అందుకే ఆయన వీడ్కోలు సభ మెయిల్ నేనే రాస్తానని ఎగబడ్డాను.

పక్కసీటు రమణ ఈమధ్యే నాకో విద్య నేర్పాడు. మార్క్‌డౌన్ అట. లైను ముందు హ్యాష్ కొడితే హెడ్డింగ్. మాటకి అటూ ఇటూ రెండేసి స్టార్లు పెడితే బోల్డ్. చివర్లో బటన్ నొక్కితే గుర్తులన్నీ మాయమై మెయిల్ ముస్తాబైపోతుంది. అబ్బో, ఆ రెండు ముక్కలకే నేను పెద్ద ఇంజనీర్ననుకున్నాను!

"ఆత్మీయ వీడ్కోలు" అని హెడ్డింగ్. కింద సారు పేరు. ఉత్త పేరేం బాగుంటుంది? కీబోర్డు మూల ఓ వంకరగీత ఉంటుంది కదా, పూలదండలా ఉందని అటు రెండు, ఇటు రెండు తగిలించాను. "సారు లేని లోటు ఎవరూ తీర్చలేరు" అని రాసి, బటన్ నొక్కి, చూసుకోకుండా అన్ని బ్రాంచీలకీ పంపేశాను.

అది దండ కాదట! మధ్యలో ఉన్న మాటని అడ్డంగా కొట్టేసే గుర్తట!

సారు ఆ రోజు సెలవులో ఉన్నారు, విజయనగరంలో వాళ్ళింట్లో. నేను టీ తాగొచ్చేసరికి గజపతినగరం ఆఫీసు నుంచి నా ఫ్రెండ్ పార్వతి ఫోన్.

"ఒసే, పెద్దసారు ఎప్పుడు పోనారే? నిన్ననే మాటాడినారు కదే!"

"పోవడమేంటే?"

"నువ్వే కదే పేరు కొట్టేసి పంపినావు! మేం మౌనం పాటించీసి ఆఫీసుకి తాళం ఏసీసినాం. మా మేనేజరు దండ పట్టుకోని సారింటికి బయల్దేరిపోనాడు."

గబగబా ఇంకో మెయిల్ కొట్టాను, సారు క్షేమంగా ఉన్నారని. ఆ "క్షేమంగా" అందరికీ కొట్టొచ్చినట్టు కనబడాలని స్టార్లు పెట్టాను. కంగారులో ఈసారి బటన్ నొక్కడం మర్చిపోయాను! స్టార్లు స్టార్లలాగే వెళ్ళాయి.

మళ్ళీ పార్వతి. "క్షేమానికి ఆ సుక్కలేటే? షరతులు వర్తిస్తాయా? ఐసీయూలో ఉన్నారేటి?"

ఈలోగా మేనేజర్ దండతో వెళ్ళి బెల్ కొట్టాడట. సారే వచ్చి తలుపు తీశారట. ఆ దండ ఎవరి మెడలో వెయ్యాలో తెలీక ఆయన చేతిలోనే పెట్టి వచ్చేశాడట పాపం.

మర్నాడు సారు పిలిచారు. భూమి బద్దలై నన్ను మింగేస్తే బాగుండుననిపించింది.

"నిన్నంతా మా ఆవిడికి ఓదార్పు ఫోన్లమ్మా. పక్కన కూకోని నేనే ఇన్నాను. బతికుండగా ఒక్కడూ అంత మంచిగా సెప్పలేదు."

"తప్పైపోయింది సార్, క్షమించండి..." ఏడుస్తూనే, సిగ్గు లేకుండా ఫైలు ముందుకి జరిపాను. "సార్... నా ఎస్.కోట..."

ఆయన పెన్ను తీశారు. మూత తీశారు. నా వంక చూసి, మళ్ళీ మూత పెట్టేశారు.

"పోయినోడి సంతకం సెల్లదమ్మా!"