తలంబ్రాలు మిగలని క్యాసెట్

నా పెళ్లి క్యాసెట్‌ను నేను పొగరుతో పాడుచేశానని మా వాళ్లు ఇప్పటికీ చెబుతారు. పాడుచేయలేదు, చెరిపాను. రెంటికీ తేడా ఉంది.

ఎనభైల చివర్లో ఆదోనిలో పెళ్లికి వీడియో అంటే గొప్ప. భోజనాల బంతిలో ఉన్నవాళ్లకూ పెళ్లి కనబడాలని కెమెరా నుంచి వైరు లాగి అక్కడొక టీవీ పెట్టారు. తలంబ్రాలకు ముందు వీడియో అతను కెమెరాను ఆపకుండానే బల్ల మీద పెట్టి టీ తాగడానికి వెళ్లాడు. అది సామాన్ల గది వైపు చూస్తూ ఉండిపోయింది.

ఆ గదిలో ఎమ్మిగనూరు నుంచి వచ్చిన మా మేనత్త ఉంది. భర్త పోయిన మనిషి కనుక పందిట్లోకి రావద్దన్నారు. ఎవరూ చూడటం లేదనుకుని, మిగిలిన కనకాంబరాలు జడలో తురుముకుని, స్టీలు పళ్లెంలో చూసుకుని నవ్వుకుంది. బంతి బంతంతా టీవీలో చూసింది.

ఆ పూటతో పోయేదే. కానీ వీడియో అతను అసలు క్యాసెట్ తన దగ్గరే ఉంచుకుని మాకు నకలు ఇచ్చాడు. షాపుకొచ్చిన వాళ్లకు నమూనాగా ఆ ముక్కే వేసేవాడు. మాట ఎమ్మిగనూరు చేరింది. అత్త వీధి కొళాయికి రావడం కూడా మానేసింది.

షాపుకు వెళ్లి అడిగాను.

"తప్పేముండాదమ్మా? నవ్వుతాండాది, అంతే గదా. జనం అదే ఎయ్యమంటాండారు."

"జనం అడిగితే మీ ఇంట్లో ఆడోళ్లను గూడా ఏస్తావా అన్నా?"

"అది ఏరే."

"సెరుపు."

"మూల బిళ్ల ఇరిసేసినా. ఇంక ఎవురికీ సెరిపేకి గాదు" అని క్యాసెట్ అంచున కన్నం చూపించాడు. ఆ ధీమాతోనే, ఇంట్లో చూసి ఇస్తానంటే చేతికిచ్చాడు.

ఆ కన్నం మీద పుండుకు వేసే ప్లాస్టరు ముక్క అంటిస్తే చాలు, మళ్లీ చెరపొచ్చు. పక్కింటి వీసీఆర్‌లో పెట్టాను. ఆ ముక్క ఎక్కడుందో వెతకాలంటే ఆమెను మళ్లీ చూడాలి. చూడదలచుకోలేదు. మొదటి నుంచి చివరిదాకా చెరిపాను. మా ఇంటి నకలునూ అంతే.

"తలంబ్రాలు గూడా పాయె గదే, పిచ్చిదానా" అన్నాడు నాయన.

"తలంబ్రాలు నావి నాయనా. ఆ నవ్వు మనది గాదు."

ఎమ్మిగనూరు వెళ్లి అత్తకు చెప్పాను.

"అంతా పోయిందా?"

"అంతా."

"అట్లయితే రేపు నీళ్లకు నేనే పోతాలే" అంది.

నన్ను తిట్టినవాళ్లంతా ఆ రోజు ఆ బంతిలో తిన్నవాళ్లే. ఒకటే అడుగుతున్నాను. లేచి ఆ టీవీ వైరు పీకడానికి ఒక్కరికైనా చెయ్యి ఎందుకు రాలేదు?