డింప్నా చేతి బాయిలర్లు

మేయో తీరంలో చలికాలమంటే మాటలు కాదు. సముద్రపు గాలి తలుపు సందుల్లోంచి దూరి, మంచం దాకా వచ్చి మరీ పలకరిస్తుంది. అందుకే ఏటా అక్టోబరులో ఈమన్ గిల్వారీ వ్యాను ఇంటింటికీ తిరిగేది. పెరటి కొట్లో ఉండి ఇల్లంతా వెచ్చబెట్టే కిరసనాయిలు బాయిలర్ తెరిచి, మసి గీకి, ఆయిలు చిమ్మే నాజిల్ మార్చి, మంట సరిచేసి పోయేవాడు. ఊరంతా అనుకున్నది అదీ. నిజానికి ఆఖరి ఆరేళ్లూ ఈమన్ మోకాళ్లు వంగితే ఒట్టు. ఆయనగారు వంటింట్లో కేకు తింటూ ఫుట్‌బాల్ కబుర్లు చెబుతుంటే, కొట్లో మసిలో చేతులు పెట్టింది ఆయన భార్య డింప్నా. పరీక్ష రాసి సర్టిఫికెట్ తెచ్చుకున్నదీ ఆమే. చూసినవాళ్లు లేరు. ఆ కిరసనాయిలు కంపులోకి ఎవరొస్తారు గనక!

వసంతంలో ఈమన్ పోయాడు. ఊరు ఊరంతా పరామర్శకు వచ్చింది. మంచివాళ్లే, కాదనను. కానీ డింప్నా చెయ్యి పట్టుకుని, పాపం ఇక మన బాయిలర్లు ఎవరు చూస్తారో అని ఆమెనే అడిగారు. నేను చూస్తానంది డింప్నా. అందరూ తలలూపారు. అక్టోబరు వచ్చేసరికి అందరూ టౌను మెకానిక్‌కి ఫోన్లు చేసుకున్నారు.

ఒళ్లు మండదూ మరి? మండింది. కానీ ఎంతమందితో పోట్లాడుతుంది? పిలుపు లేని వ్యాను వాకిట్లో తుప్పు పట్టడం చూడలేక అమ్మకానికి పెట్టింది. కొనేవాడు శనివారం వస్తానన్నాడు. ఆ తర్వాత ఆమెకు మిగిలేది చేపల ఫ్యాక్టరీలో కూలి. అదీ పనే, తప్పేం లేదు. కానీ ఆమెకు ఇష్టమైన పని ఇదే. చల్లబడిన ఇల్లు తన చేతి కింద మళ్లీ వెచ్చబడటం కంటే ఆమెకు నచ్చిన సంగతి ఈ లోకంలో లేదు.

ఆ శుక్రవారం లాఫ్టస్ వాళ్లింట్లో పూజ. మా వాడలో ఇళ్లకు వంతులుంటాయి. వంతు వచ్చిన ఇంటి వంటగది బల్ల మీదే ఫాదర్ పూజ చేస్తారు, ఆపైన ఇరుగుపొరుగంతా అక్కడే ఫలహారం చేస్తారు. ఇక ఆ ఇల్లు పెళ్లివారిల్లే. హానోరా లాఫ్టస్ పదిరోజుల ముందు నుంచీ మొగుడు మాటీని బ్రష్ దించనివ్వలేదు. గేటు, కొట్టు తలుపు, ఆయిలు ట్యాంకు, కదలనిదానికల్లా పచ్చరంగు పూశాడాయన. కుక్క పరిగెత్తగలదు కాబట్టి బతికిపోయింది.

గురువారం పొద్దున బాయిలర్ ఆగిపోయింది. హానోరా దాన్ని మళ్లీ వెలిగించే ఎర్ర బటన్ నొక్కింది. వెలిగి ఆరింది. మళ్లీ నొక్కింది. మాటీ వచ్చి ఇంకా గట్టిగా నొక్కాడు, గట్టిగా నొక్కితే అది భయపడుతుందన్నట్టు. టౌను మెకానిక్ సోమవారం దాకా రానన్నాడు. తెల్లారితే పూజ. అప్పుడు గుర్తొచ్చింది డింప్నా.

డింప్నా వ్యాను దిగుతుంటే హానోరా గేటు దగ్గరే అడిగింది. "నీతో ఎవరొస్తున్నారమ్మా?"

"ఎవరూ రారక్కా. నేనే."

మాటీ చేతులు కట్టుకుని కొట్టు గుమ్మంలో నిలబడ్డాడు. ఈమన్ అయితే ముందు ఆ పంపు మీద నాలుగు దెబ్బలేసేవాడని సలహా ఇచ్చాడు.

"ఈమన్ ఈ కొట్లో అడుగుపెట్టి ఆరేళ్లయింది బావగారూ. ఆయన మీ వంటింట్లో ఉండేవాడు. దీన్ని చూసుకున్నది నేను," అంది డింప్నా, స్పానర్ తీస్తూ.

మాటీ గుమ్మంలోంచి పక్కకు జరిగాడు.

బాయిలర్ తలుపు తీస్తే అడుగున కాలని కిరసనాయిలు మడుగు కట్టి ఉంది, అదంతా ఆ బటన్ నొక్కుళ్ల పుణ్యమే. ఒక్కసారిగా అంటుకుని ఉంటే కొట్టు మిగిలేది కాదు. గుడ్డలతో ఒత్తి తీసింది. నాజిల్ మార్చింది, మంటను కనిపెట్టే కన్ను తుడిచింది, ఫిల్టర్ కడిగింది, పంపులోంచి గాలి వదిలింది. వెలిగించింది. మంట నిలబడింది. హమ్మయ్య అనుకునేలోగా సన్నబడి ఆరిపోయింది.

ఇక్కడ ఓడిపోతే రేపు పూజలో వాడంతా చలికి వణుకుతూ ఆమె పేరే చెప్పుకుంటుంది. డింప్నా ఒక్కొక్క భాగాన్నీ మళ్లీ చూసింది. లోపల అన్నీ సరిగ్గానే ఉన్నాయి. అంటే ఆయిలు రావడం లేదు. ట్యాంకు నిండుగానే ఉంది, గొట్టం తెరిచే ఉంది. మరెందుకు రాదు? లేచి ట్యాంకు దగ్గరికి వెళ్లింది. పైన, ఆయిలు దిగేకొద్దీ ట్యాంకు ఊపిరి తీసుకునే చిన్న జల్లెడ మూత ఉంటుంది. దాని మీద పచ్చరంగు దట్టంగా ఎండిపోయి ఉంది. ఆయిలు పోసే మూత విప్పగానే ట్యాంకు బుస్సుమని గాలి లాక్కుంది.

జల్లెడ గీకి శుభ్రం చేసి వచ్చి మళ్లీ వెలిగించింది. ఈసారి మంట కదల్లేదు. మాటీ చెవుల దాకా ఎర్రబడ్డాడు. మా దగ్గర పూజనాటి కథ మనిషిని కాటిదాకా వదలదని ఆయనకు తెలుసు.

"నాజిల్ పోయిందని చెబుతాలెండి. మార్చాను కూడా, అబద్ధం కాదు," అంది డింప్నా.

అలా అనేసింది గానీ, నాజిల్ ఎవరైనా మారుస్తారు. దానికోసం తనను పిలిచేదెవరని దారంతా బాధపడింది.

శుక్రవారం పూజ అయ్యాక ఫాదర్ కోటు విప్పి, ఇల్లు వెచ్చగా ఉంది, ఎవరొచ్చి బాగుచేశారని అడిగారు. నాజిల్ పోయిందట, డింప్నా మార్చిందని హానోరా చెప్పింది. అలాగా అన్నారంతా. మాట పశువుల ధరల మీదికి పోయింది. టీ కెటిల్ పట్టుకుని నిలబడ్డ డింప్నా, సరే, ఇంతే ప్రాప్తం అనుకుంది.

అప్పుడు మాటీ కుర్చీ వెనక్కి తోసి లేచాడు.

"నాజిల్ కాదు. నేను ట్యాంకు ముక్కుకి కూడా రంగు పూశాను. అది ఊపిరాడక చచ్చింది."

ఇల్లు దద్దరిల్లేలా నవ్వారు. ఆయన తల దించుకోలేదు.

"నవ్వండి. నవ్వడం అయ్యాక ఒకటి చెప్పండి. ఆరేళ్లుగా మీ బాయిలర్లు ఎవరు చేశారనుకున్నారు? ఈమన్ మీ వంటింట్లో కేకు తిన్నాడు. చేసింది ఈ పిల్ల. నా పరువు కాపాడటానికి అసలు లోపం తనే కనిపెట్టిందని కూడా చెప్పుకోలేదు."

నవ్వు ఆగిపోయింది. ఎవరి వంటిల్లు వాళ్లకు గుర్తొచ్చింది. బల్ల దగ్గర ఈమన్, కేకు, మరి అదే సమయంలో కొట్లోంచి వినిపించిన స్పానర్ చప్పుడు. సిగ్గుపడ్డారు. పడాల్సిందే.

"మా ఇంటికి ఎప్పుడు రాగలవమ్మా?" అని ముందుగా ఫాదరే అడిగారు.

డింప్నా కెటిల్ బల్ల మీద పెట్టి, కళ్లు తుడుచుకుంది.

"రేపే వస్తాను ఫాదర్. ఒక్క నిమిషం, వ్యాను అమ్మడం లేదని ఒకాయనకు ఫోన్ చేసొస్తాను."