మూత తియ్యని మనిషి

మా పక్కింటాయన్ని వీధిలో అందరూ బాయిలరాయన అంటారు. ఆయన నన్ను అక్కయ్యా అంటాడు, ఆయన భార్య వదినా అంటుంది. రెండిళ్ళ పెరళ్ళకూ మధ్య నడుమెత్తు గోడ ఉంది. ఆ గోడ మీదుగా చూసినవి కొన్ని, చూసి అర్థం కాక అడిగి తెలుసుకున్నవి కొన్ని, కలిపి చెబుతున్నాను.

ఆయన పెద్దాసుపత్రి లాండ్రీలో పనిచేసేవాడు. రోగుల దుప్పట్లు, డాక్టర్ల కోట్లు ఉతకడానికి ఆవిరి కావాలి. ఆ ఆవిరిని పుట్టించే బాయిలరు కింద నిప్పు చూడడం ఆయన పని. ఎప్పుడూ రాత్రి డ్యూటీయే. మేం తలుపులు వేసుకునే వేళకు క్యారేజీ పట్టుకుని బయల్దేరేవాడు, పాలవాడితో పాటు తిరిగొచ్చేవాడు. బాయిలరు మీద ఆవిరి జోరు చూపే గడియారంలాంటి అద్దం, అందులో ఒక ముల్లు ఉండేవట. ముల్లు కాస్త దిగితే ఒక పార బొగ్గు వెయ్యాలి, కాస్త ఎక్కితే గాలి తగ్గించాలి. ఆ ముల్లు మీది నుంచి చూపు తిప్పకపోవడమే ఆయన ఉద్యోగం. పగలు ఇంట్లో పడుకున్నా అదే ధ్యాస.

"ఈయన నిద్ర కూడా డ్యూటీయే వదినా" అనేది ఆయన భార్య. "కుక్కరు కూత వేస్తే లేచి కూర్చుంటాడు. ఎవరి కుక్కరని అడగకు, వీధిలో ఎవరిదైనా సరే."

కొన్నాళ్ళకు ఆసుపత్రివాళ్ళు బొగ్గు బాయిలరు పీకేసి కరెంటు యంత్రం పెట్టారు. దానికి ముల్లూ లేదు, పక్కన మనిషీ అక్కర్లేదు. బాయిలరాయన ఇంటికొచ్చేశాడు. వచ్చినవాడు కుదురుగా కూర్చుంటే బాగుండేది. ఆవిడ స్టవ్ మీద పాలు పెడితే పక్కన నిలబడేవాడు. మంట పెంచేవాడు, తగ్గించేవాడు, మళ్ళీ పెంచేవాడు, చివరికి పొంగించేవాడు. "ఈయన్ని ఎవరైనా అద్దెకు తీసుకుపోండి, నా వంటిల్లు బాగుపడుతుంది" అని ఆవిడ వీధిలో అందరితో చెప్పింది. ఆ వయసువాడికి ఎవరూ పని ఇవ్వలేదు. అడిగిన చోటల్లా "కబురు చేస్తాం" అన్నారు. కబురు రాలేదు.

అటువంటప్పుడు బస్సు డిపోలో క్యాంటీన్ నడిపే ఆవిడ దగ్గర్నుంచి పిలుపొచ్చింది. ఆవిడను డిపోలో క్యాంటీనమ్మ అంటారు. క్యాంటీన్ పైకప్పు మరమ్మత్తులో ఉంది. సామాన్లు సర్దుతుంటే, అంతకుముందు నడిపినవాడు వదిలేసిపోయిన పొయ్యి ఒకటి బయటపడింది. మందపాటి పింగాణీది, గుడ్డు ఆకారం. బొగ్గుల మీద మాంసాన్ని రాత్రంతా సన్నటి వేడిలో ఉంచితే మధ్యాహ్నానికి డ్రైవర్లకు వెన్నలాంటి ముక్క వడ్డించొచ్చని ఆవిడ ఆశ. ఆవిడ వంటవాళ్ళు ప్రయత్నించి మాంసాన్ని కూడా బొగ్గు చేసి బొగ్గులో కలిపారు. నిప్పు సంగతి తెలిసినవాడు ఒకడున్నాడని ఎవరో చెబితే ఈయన్ని పిలిపించింది.

"ఇంటికి తీసుకెళ్ళి నేర్చుకో పెద్దాయనా. క్యాంటీన్ తెరిచే రోజు పొద్దున్నే నేనే వచ్చి చూస్తా. రాత్రంతా నిప్పు ఒకే తీరున నిలబెట్టావా, రాత్రి మనిషి ఉద్యోగం నీదే. లేదంటే పొయ్యి నాది నాకు పంపించెయ్" అందట.

పొయ్యి తోపుడుబండి మీద వచ్చింది. నలుగురు పట్టి పెరట్లో దించారు. నేను గోడ దగ్గరికి వెళ్ళాను.

"ఇదేంటి తమ్ముడూ, ఏ పక్షి పెట్టింది?"

"పొయ్యి అక్కయ్యా."

"పొదుగుతావా, వండుతావా?"

ఆయన నవ్వలేదు. పని దొరికితే ఆయనకు నవ్వు రాదు. పొయ్యిని ఒక్కొక్కటిగా చూపించాడు. కింద గాలి వెళ్ళే చిన్న తలుపు, పక్కకు జరిపితే తెరుచుకుంటుంది. పైన మూత, మూత నెత్తిన పొగ పోయే కన్నం. మధ్యలో బొగ్గులకూ మాంసానికీ అడ్డంగా పింగాణీ పళ్ళెం, మంట నేరుగా తగలకుండా. మూతకు ముందువైపు వేడి చూపే ముల్లున్న అద్దం. ఆ అద్దాన్ని పైపంచెతో రెండుసార్లు తుడిచాడు.

"ఇంకేముంది, నీ పాత చుట్టమే దొరికింది" అన్నాను.

"దీనిదేముంది అక్కయ్యా, బాయిలరు ముందు బొమ్మ" అన్నాడు.

మొదటిసారి ఆ బొమ్మకు పారతో బొగ్గు పోసి, నాలుగు వైపులా అంటించాడు. ముల్లు పరుగెత్తింది. కావలసిన చోటు దాటాక కింది తలుపు మూశాడు. ఇనప బాయిలరైతే గాలి కట్టెయ్యగానే దిగొస్తుంది. ఈ పింగాణీ గోడలు మందం, ఒకసారి వేడి తాగితే కక్కవు. ముల్లు దిగలేదు. ఆయన పై కన్నం కూడా మూసేశాడు. అప్పటికీ దిగకపోతే ఓపిక లేక మూత ఎత్తాడు. లోపల గాలి అందక అల్లాడుతున్న నిప్పు ఒక్కసారిగా బయటికి ఉరికింది. మనిషికి ఏమీ కాలేదు, కనుబొమలు మాత్రం పోయాయి.

"కొరివితో తల గోక్కోవడమంటే విన్నాను, ఇప్పుడు చూశాను" అంది ఆయన భార్య, మొహానికి వెన్న రాస్తూ.

కనుబొమలు లేని మొహం ఎప్పుడూ ఆశ్చర్యపోతున్నట్టే ఉంటుంది. వీధిలో ఎవరేం చెప్పినా ఆయన "అవునా!" అంటున్నట్టు కనిపించేవాడు. మా కోడలు ఆయన్ని చూసినప్పుడల్లా కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి పోయేది.

కానీ మనిషి మొండి. పొయ్యి స్వభావం పట్టుకున్నాడు. పెద్ద బొగ్గులు అడుగున పేర్చి, సందుల్లో చిన్నవి ఇరికించి, పైన ఒక్కచోట మాత్రమే అంటించడం నేర్చాడు. నిప్పు అక్కణ్ణుంచి తీరిగ్గా కిందికి తినుకుంటూ పోతుంది. ముల్లు పైకి వస్తుండగానే, ఇంకా దూరం ఉండగానే, కింది తలుపును వేలి సందంత ఉంచి మూసెయ్యాలి. చిక్కటి పొగ పోయి, కన్నం మీద గాలి వణికినట్టు కనిపించినప్పుడు మాంసం పెట్టాలి. ఒక సాయంత్రం నేను చూస్తుండగానే ముల్లు వచ్చి, అనుకున్న చోట కొంగలా నిలబడింది.

"భేష్ తమ్ముడూ! ఇక పోయి పడుకో."

"పడుకోవడమా?" అన్నాడు, కనుబొమలు ఉన్నా ఆశ్చర్యపోయేవాడే.

ఆ రాత్రి నా గదిలోకి టార్చిలైటు వెలుగు వస్తూనే ఉంది. పొద్దున్న చూస్తే గొర్రె జబ్బ పైన కారునలుపు, లోపల ఎముక దగ్గర ఎర్రటి నెత్తురు. ఆయన పొయ్యి పక్కనే పీట మీద కూర్చుని ఉన్నాడు, ఓడిపోయినవాడిలా. ఉడికేదాకా ఉండి ఉమ్మగిల్లేదాకా ఉండలేనివాళ్ళ గురించి పెద్దవాళ్ళు ఊరికే అనలేదు.

"మూత ఎందుకు తీశావు?" అని అడిగాను.

"ముల్లు కదిలింది అక్కయ్యా."

"ఎంత?"

"వెంట్రుకవాసి."

"దానికే?"

"పెంచితే ఎక్కింది. తగ్గిస్తే దిగింది. మళ్ళీ పెంచా. లోపలేమవుతోందో అని తీసి చూశా."

"అసలు కదిలితే ఏమవుతుంది తమ్ముడూ? కాసేపాగితే అదే సర్దుకోదూ?"

ఆయన మళ్ళీ అద్దం తుడిచాడు. "అక్కడ కదిలితే పేలిపోయేది" అన్నాడు. "పైన వార్డుల్లో మనుషులు పడుకుని ఉండేవాళ్ళు."

లోపల్నుంచి మా కోడలు, "అత్తయ్యా, మెడ అటే ఉండిపోతుంది, ఇటు తిప్పండి" అని పిలిచింది. వెళ్ళిపోయాను.

ఆ తర్వాత రెండుమూడు సార్లు వండాడు. ప్రతిసారీ సాయంత్రం నెగ్గడం, తెల్లవారేసరికి ఓడడం. నిప్పు ఆరిపోవడమో, చెలరేగడమో. ఈలోగా క్యాంటీన్ పైకప్పు పూర్తయింది. మర్నాడు పొద్దున్న క్యాంటీనమ్మ వస్తానని కబురు పంపింది.

ఆ సాయంత్రం ఆయన నిప్పు రాజేసి, ముల్లు నిలబెట్టి, మాంసం లోపల పెట్టి మూత వేశాడు. పీట లాక్కున్నాడు. అప్పుడు ఆయన భార్య మడతమంచం ఒకటి ఈడ్చుకుంటూ పెరట్లోకి వచ్చింది. చంకలో దుప్పటి, దిండు.

"ఏమే, ఎక్కడికి?"

"ఎక్కడికీ లేదు, ఇక్కడికే. ఇవాళ నేను పడుకుంటా పొయ్యి దగ్గర. మీరు లోపలికి పొండి."

"నీకేం తెలుసని?"

"ఏమీ తెలీదు. అందుకే."

ఆయన నావైపు చూశాడు, న్యాయం చెప్పమన్నట్టు. నేను ఆకాశం వైపు చూశాను.

"ముల్లు దిగితే ఏం చేస్తావు?"

"దిగనీ."

"ఎక్కితే?"

"ఎక్కనీ. అసలు నేను చూస్తే కదా." ఆవిడ మంచాన్ని మూత ముందుభాగానికి ఎదురుగా కాకుండా, అద్దం కనిపించని వైపు వాల్చి దుప్పటి పరిచింది. "ఇన్నేళ్ళూ మీరు డ్యూటీకి పోతే గొళ్ళెం వేసుకుని ఒక్కదాన్నే పడుకున్నా. ఇక్కడ ఈ వెచ్చదనం పక్కన పడుకోలేనా? లేవండి."

"నా ఉద్యోగమే అది" అన్నాడాయన, గొంతు తగ్గించి.

"తెలుసు. అందుకే లేవమంటున్నా."

ఆయన లేచాడు. లోపలికి అడుగు పెట్టగానే ఆవిడ పెరటి తలుపుకు బయట గొళ్ళెం వేసింది. కాసేపటికి వంటింటి కిటికీలోంచి గొంతు వినిపించింది.

"ఏమే, ముల్లెక్కడుంది?"

"అద్దంలో ఉంది."

"ఎంత మీద ఉందే?"

"పడుకోండి."

"కొంచెం చూసి చెప్పవే తల్లీ..."

ఆవిడ దుప్పటి ముసుగు పెట్టేసింది. నేను కూడా లోపలికి వచ్చి పడుకున్నాను. ఆ తర్వాతది ఆవిడ చెప్పిన మాట: ఆయన ఇంకొన్నిసార్లు పిలిచాడట, కిటికీ చువ్వల్లోంచి టార్చి వెయ్యబోయాడట. అద్దం అటువైపు లేదు. ఎప్పుడో పిలవడం మానేశాడట.

పొద్దున్నే క్యాంటీనమ్మ స్కూటర్ మీద వచ్చింది. పొడుగాటి మనిషి, కళ్ళజోడు మెళ్ళో వేలాడుతుంటుంది. నేను గోడ దగ్గరే ఉన్నానని వేరే చెప్పక్కర్లేదు. ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని ముందు అద్దం చూసింది. ముల్లు సాయంత్రం నేను చూసిన చోటుకు కాస్త ఇటుగా, అంతే. తర్వాత బాయిలరాయన మూత ఎత్తాడు. మెల్లగా, మొదట సందిచ్చి, ఆపైన పూర్తిగా. జబ్బ గోధుమరంగులో నిగనిగలాడుతోంది. ఆవిడ ఎముక పట్టుకుని లాగింది. ఎముక చేతిలోకి వచ్చింది, మాంసం అక్కడే ఉండిపోయింది.

ఒక ముక్క నోట్లో వేసుకుంది, ఇంకో ముక్క తీసుకుంది. "రాత్రంతా నువ్వే చూశావా పెద్దాయనా?" అంది నములుతూ.

మడతమంచం ఎప్పుడో లోపలికి వెళ్ళిపోయింది. ఆయన భార్య వంటింటి గడపలో నిలబడి చెప్పుల్లో కాళ్ళు సర్దుకుంటోంది, ఆ ప్రశ్న తనకు వినిపించనట్టు. ఆయన తలూపితే చాలు, ఉద్యోగం ఆయనదే. నేనైతే నోరు మూసుకున్నాను. అది నాకు ఎంత కష్టమో వీధికి తెలుసు.

ఆయన చేతులు తుడుచుకున్నాడు.

"లేదు మేడమ్. రాజేసింది నేను. రాత్రి ఉన్నది మా ఆవిడ."

"ఆవిడేం చేసింది?"

"పడుకుంది."

క్యాంటీనమ్మ నమలడం ఆపింది. "ఎన్నిసార్లు లేచి చూశావమ్మా?"

"ఒకసారి లేచా" అంది ఆవిడ. "దోమ కుట్టింది."

"మూత తీశావా?"

"ఎందుకు తీస్తానండీ? ఉడుకుతుంటే."

క్యాంటీనమ్మ కళ్ళజోడు తీసేసింది. ఆవిడ చెప్పిన మాట నాకు బాగా గుర్తుంది. "డిపోలో డీజిలు ఉంటుంది పెద్దాయనా. నిప్పు దగ్గర మనిషి లేకుండా పైవాళ్ళు ఒప్పుకోరు. అందుకని మనిషి ఉండాలి. ఉండి, చెయ్యి పెట్టకుండా ఉండాలి. నువ్వు ఉండగలవా?"

ఆయన పొయ్యి వైపు చూశాడు. చూస్తుండగానే ఆయన చెయ్యి కింది తలుపు మీదికి పోయింది, కాస్త జరిపింది. మాంసం బయటికి వచ్చేసిన పొయ్యి అది. ఎవరికీ ఏమీ చెప్పాల్సిన పని లేకపోయింది.

"ఉండలేను" అన్నాడు.

"అయితే ఉద్యోగం ఈవిడకిస్తా."

ఆయన మొహంలో ఏముందో చెప్పడం కష్టం. కొత్త కనుబొమలు అప్పుడే గడ్డి మొలకల్లా వస్తున్నాయి.

ఆవిడ మాత్రం గడప దిగి వచ్చింది. "నాకు నిప్పు పెట్టడం రాదండీ. అంటించానంటే అగ్గిపెట్టెంతా అయిపోతుంది. సాయంత్రం ఈయన వచ్చి రాజేసి, ముల్లు నిలబెడతానంటే నేనొస్తా."

"ఇద్దరికి నా దగ్గర చోటు లేదమ్మా. ఉన్నది ఒక్కటే."

"ఒక్కటే ఇవ్వండి, మేం పంచుకుంటాం. ఎన్ని పంచుకోలేదు? కానీ ఒక్క మాట. రాజేశాక ఈయన ఇంటికి పోవాలి. ఈయన అక్కడ ఉంటే నేను ఉండను."

క్యాంటీనమ్మ నవ్వి, మిగిలిన మాంసం గిన్నెలో పెట్టించుకుని, "సాయంత్రం బండి పంపిస్తా, పొయ్యితో సహా రండి" అని స్కూటరెక్కింది.

ఇప్పుడు రోజూ పొద్దు వాలుతుండగా ఇద్దరూ కలిసి బయల్దేరతారు. ఆయన చేతిలో సంచి, ఆవిడ చేతిలో క్యారేజీ. ఆయన బొగ్గులు పేర్చి, ఒక్కచోట అంటించి, ముల్లు నిలబెట్టి, ఆవిడ వైపు చూస్తాడట. ఆవిడ "చాలు, పొండి" అంటుందట. ఆయన వస్తాడు, తింటాడు, దీపం ఆర్పుతాడు. అంతవరకు బాగానే ఉంది.

మొన్న గోడ దగ్గర కనిపిస్తే అడిగాను. "నిద్ర పడుతోందా తమ్ముడూ?"

"పడుతోంది అక్కయ్యా... మధ్యలో ఒకసారి లేస్తున్నా."

"లేచి?"

"అలా డిపో దాకా వెళ్ళొస్తున్నా. నడిస్తే మంచిదే కదా."

"వెళ్ళి?"

"గేటు దగ్గర ఆగిపోవాలి. వాచ్‌మన్ లోపలికి పోనివ్వడు."

"ఉద్యోగం సగం నీదేగా! ఎందుకు పోనివ్వడు?"

"ఎవరినైనా పోనివ్వమన్నారట, నన్ను తప్ప" అన్నాడు. "మా ఆవిడ చెప్పిందట."

"మరి గేటు దగ్గర ఏం చేస్తావు?"

"నిన్న రాత్రి ముల్లు ఎక్కడుందో చూసి రమ్మని వాచ్‌మన్ని అడిగా. వెళ్ళొచ్చి చెప్పాడు."

"ఏమన్నాడు?"

"అద్దానికి గుడ్డ కట్టి ఉందన్నాడు అక్కయ్యా. ఆవిడ నిద్రపోతోందన్నాడు." ఆయన గోడ మీది దుమ్ము కాస్త తుడిచాడు. "అయితే బాగానే ఉన్నట్టు. తిరిగొచ్చి పడుకున్నా."