విలుకత్తె బొమ్మ మీద ఐదు తూట్లు

మా వాకిట్లో రెండిళ్లు కిరాయికి ఉండేవి. ఒకదాంట్లో నేనూ నా బిడ్డా ఉండేవాళ్లం. నా భర్త సోలాపూర్‌లో మగ్గాల మీద పనిచేసేవాడు, పండుగకో చావుకో వచ్చిపోయేవాడు. ఎనభైల చివర్లో, వానలు ఇంకా మొదలుకాకముందు, రెండో ఇంట్లో ఒక మనిషి ఒంటరిగా దిగింది. ముప్పై ఏళ్లుంటాయేమో. కోహెడ ఆమె పుట్టినూరు. మొగుడు వదిలేశాడని కొందరు, ఈమే వదిలేసి వచ్చిందని కొందరు అన్నారు. నేను అడగలేదు. పెండ్లిపత్రికలు అచ్చువేసే ప్రెస్సులో ఆమెకు పని దొరికింది. పత్రికలు మడవడం, పుస్తకాలు కుట్టడం. వేళ్లకు ఎప్పుడూ సిరా ఉండేది. నన్ను అక్కా అనేది. నా బిడ్డ ఆమెను చిన్నమ్మ అని పిలిచింది. ఆ పిలుపు నేను నేర్పలేదు.

ప్రెస్సులో పత్రికలు కోయగా మిగిలిన అట్టముక్కలను ఆమె ఇంటికి తెచ్చేది. వాటితో ఆట చేసింది. ఎవరి దగ్గరా చూసి నేర్చుకున్నది కాదు, తనే కల్పించింది. గచ్చు మీద సుద్దముక్కతో గడులు గీసి కోట అనేది. కోటలో ఒక రాక్షసుడు, వాడి బంట్లు. వాళ్లను గెలవడానికి బయలుదేరే ఆడపిల్లలు. ఒక్కో పిల్లకు ఒక్కో బొమ్మ ముక్క. మిగతా ముక్కల మీద బొమ్మలుండవు, ఉత్త రాతే: కత్తి, డాలు, మందు, పొగమంచు. చేతిలో మూడు ముక్కలు పట్టుకుని, ఏది వాడాలో ఏది దాచుకోవాలో చూసుకుని, పాచికలు వేయాలి. ప్రెస్సులో పారేసిన కర్ర అక్షరాలను అరగదీసి ఆమె ఆ పాచికలు చేసింది. చుక్కలకు ఎర్ర సిరా.

పాచికలో ఒకటి పడితే దెబ్బ. దెబ్బ తగిలితే బొమ్మ ముక్క మీద సూదితో ఒక తూటు పొడవాలి. ఏడు తూట్లు పడితే ఆ పిల్ల ఆట నుంచి పోయినట్టే. ఇప్పుడు నా మనవరాలు కంప్యూటర్‌లో ఇటువంటి ఆటే ఆడుతుంది. అందులో దెబ్బ తగిలితే తెర మీద ఎర్ర గీత పొట్టిదవుతుంది. మా వాకిట్లో ఆమె పుస్తకాలు కుట్టే సూదే ఆ పని చేసేది. పెన్సిలైతే తుడిపేసి దొంగాట ఆడతారని ఆమె భయం.

నేను గడపలో కూర్చుని బీడీలు చుడుతూ వినేదాన్ని. రాక్షసుడి గొంతు ఆమెదే.

"ఎవలే గది? నా కోటలకు చెప్పులేస్కొని వస్తున్నవా?"

"నీ కోట ఊడ్సి ఎన్నేండ్లయింది? చెప్పులు లేకుంటె కాళ్లు ఖరాబైతయి," అనేది నా బిడ్డ. దానికప్పుడు పదకొండేళ్లు. ఆటలో అది విలుకత్తె.

"మంచి ముక్క ముందుగాలనే వాడకు బిడ్డా, ఎనుక ఏడుస్తవ్."

"ఏడ్వ. నీ బంటునే ఏడిపిస్త."

వాడకట్టు పిల్లలు ఇద్దరు ముగ్గురు చేరి, సాయంత్రమైతే నా వాకిలి నవ్వులతో నిండేది. నాకు సంతోషం కావలసింది. కాలేదు. నా బిడ్డ బడి నుంచి రాగానే నా దగ్గర పుస్తకాల సంచి పడేసి ఆమె గడపకు పోయేది. నాతో అన్నం గురించి మాట్లాడేది, ఆమెతో కోటల గురించి మాట్లాడేది.

ఒకరోజు ఆమే నన్ను పిలిచింది. "రా అక్కా, గా బీడీలు ఎటు పోవు. నువ్వు రాణి ఉండు."

పోయి కూర్చున్నాను. నాకూ మూడు ముక్కలిచ్చారు. పిల్లల్లాగే చేతిలో విసనకర్రలా పట్టుకున్నాను. నా బిడ్డ నా చేతివైపు చూసి పక్కున నవ్వింది.

"అమ్మా, అన్ని తలకిందులు పట్టినవ్!"

పిల్లలందరూ నవ్వారు. ఆమె నవ్వలేదు. నా చేతిలోని ముక్కలు మెల్లగా సరిచేసి, "రాణి ఎట్ల పట్టుకున్నా చెల్తది," అంది. పిల్లల నవ్వును నేను ఆ రాత్రికే మరిచిపోయాను. ఆమె దయ మాత్రం నా లోపల ముల్లులా ఉండిపోయింది. ఇది ముందే రాయకపోతే తర్వాత రాయబోయేదంతా భయం వల్ల జరిగిందనిపిస్తుంది. భయం సగమే.

వానలు పడ్డాక నా బిడ్డకు జ్వరం వచ్చింది. రెండు రోజులు కషాయం పోశాను. మూడో రోజు ఒళ్లు పెనంలా కాలిపోతోంది. ఆ యేడు చుట్టుపక్కల ఊళ్లల్లో బాణామతి, చేతబడుల మాట ఎక్కువగా వినిపించేది. నంగునూరు దిక్కు ఒక కోడలు కుక్కలా మొరిగిందని, ఎవరింట్లోనో బట్టలు వాటంతటవే అంటుకున్నాయని బీడీల ఖార్ఖానాలో చెప్పుకునేవాళ్లం. చెప్పుకుంటూనే చేతులు చకచకా చుట్టేవి.

చెమటకు తడిసిన బొంత మారుద్దామని బిడ్డను పక్కకు జరిపాను. తల కింద ఒక అట్టముక్క దొరికింది. దాని మీద రెండు జడల పిల్ల. గడ్డం మీద పుట్టుమచ్చ, అచ్చం నా బిడ్డకున్నట్టే. కింద నాకు చదవరాని ఏవో అక్షరాలు. పిల్ల రొమ్ము మీద ఐదు తూట్లు.

ఆటలో తూట్లు పొడుస్తారని నేను దూరం నుంచి చూసినదాన్నే. కానీ నా బిడ్డ ఒళ్లు కాలిపోతుండగా ఆ ముక్క దాని తల కింద కనిపించేసరికి అది ఆటలా అనిపించలేదు. ముక్కను కొంగుతో పట్టుకుని లేచాను. అప్పుడు నా బిడ్డ కళ్లు తెరిచింది.

"అమ్మా, గది ఆటదే. పారెయ్యకు," అంది.

స్పష్టంగా అంది. నేను విన్నాను. విని, గడప దాటాను.

ఆమె ప్రెస్సు నుంచి వచ్చే వేళ అది. నేను వాకిట్లో నిలబడి అరవడం మొదలుపెట్టాను. ఇంటి యజమాని బయటికి వచ్చాడు. మూలింటి ముసలవ్వ వచ్చింది. తర్వాత వాడకట్టంతా వచ్చింది. ఆమె సద్ది డబ్బా చేతిలో పట్టుకుని వాకిట్లోకి వచ్చి, గుంపును చూసి, నా బిడ్డకు ఏదో అయిందనుకుంది.

"ఏందక్కా, పిల్లకెట్లున్నది?"

"ఎట్లుండాల్నని చేసినవ్? గీ తూట్లేంది? నా బిడ్డ రొమ్ము మీద గీ తూట్లేందే?"

ఆమె ముక్కను చూసి ఊపిరి పీల్చుకుంది. ఆ క్షణం ఆమె ముఖంలో నవ్వులాంటిది కూడా వచ్చింది. "గది ఆట ముక్క గదక్కా. గవి దెబ్బలు. నీకెర్కలేదా, రోజు చూస్తవ్ గద."

"దెబ్బలట! ఇన్నరా?" అంది ముసలవ్వ.

గుంపు ఒక అడుగు ముందుకు వచ్చింది. ఆమెకు అప్పుడు అర్థమైంది. తన ఇంట్లోకి ఉరికి ముక్కలున్న డబ్బా తెచ్చి, మూత తీసి అందరి ముందూ పట్టింది.

"చదువున్రి. అన్నిటి మీద రాసే ఉన్నది. డాలు, మందు, కత్తి. ఎవలన్న ఒక్కలు చదువున్రి. అయ్యా, మీకు చదువొస్తది గద, మీరన్న చూడున్రి."

ఇంటి యజమాని చేతులు వెనక్కి కట్టుకున్నాడు. "నేను గాటిని ముట్ట."

చదువు వచ్చినవాళ్లు ఆ గుంపులో కనీసం నలుగురున్నారు. అటువంటి వస్తువును ముట్టుకుంటే ముట్టుకున్నవాళ్ల మీదికి వస్తుందని అందరికీ నమ్మకం. ఒక్కరూ వంగి చూడలేదు. ఆమె డబ్బా పట్టుకుని ఒక్కొక్కరి ముందుకూ పోయింది. ఆమె వచ్చినకొద్దీ మనుషులు వెనక్కి జరిగారు.

"పండ్లు పీకున్రి. పండ్లు లేకుంటె మంత్రం పలుకది," అంది ముసలవ్వ, చిక్కుడుకాయ ఈనెలు తీయమని చెప్పినంత మామూలుగా. ఒకాయన నిజంగానే పట్టుకారు కోసం తన ఇంట్లోకి పోయాడు.

ఆమె నా వైపు తిరిగింది. "అక్కా, నువ్వొక్కమాట చెప్పు. చాలు."

నేను ఒక్కమాట చెబితే ఆగేది. అరిచింది నేను, బిడ్డ నాది. నేను మాట్లాడలేదు. పట్టుకారు తేకముందే ఇంటి యజమానికి పోలీసుల భయం పట్టుకుని, "ఇయ్యాల్నే జాగ ఖాళీ చెయ్. నా ఇంట్ల గిసొంటియి వద్దు," అన్నాడు. ఆమె ఒక మూట కట్టుకుని పొద్దు గుంకకముందే బస్టాండుకు పోయింది. ఆ డబ్బాను నా బీడీల చాటతో ఎత్తి, ఎండుమిరపకాయలు కలిపి, వాకిట్లో నేనే కాల్చాను.

తెల్లారి బిడ్డను దవాఖానకు తీసుకుపోయాను. టైఫాయిడ్ అన్నారు. గోలీలు, సూదులు. పది రోజులకు కూర్చుని గంజి తాగింది. వాడకట్టు మాత్రం ముక్కలు కాల్చినందుకే తగ్గిందని చెప్పుకుంది. ప్రెస్సుకు కూడా కబురు పోయింది, ఆమె జాగాలో ఇంకొకరిని పెట్టుకున్నారు. నేను ఎవరికీ గోలీల మాట చెప్పలేదు.

కూర్చోగలిగిన రోజే బిడ్డ అడిగింది. "చిన్నమ్మ ఏది?"

"ఊరికి పోయింది."

"నా ముక్క ఏది?"

నేను గంజి గిన్నె పక్కకు జరిపాను. అది బొంత అంచు నలుపుతూ, "గా తూట్లు నేనే పొడుసుకున్న. పాచికల ఒకటి పడ్డది, ఊకూకె ఒకటే పడ్డది. చిన్నమ్మ ఇంకోసారి ఎయ్యిమన్నది, నేనే దొంగాట ఆడనన్న," అంది.

"ఇగ గా మాట తియ్యకు," అన్నాను. అది తియ్యలేదు. ఆ తర్వాత చాలా మాటలు నాతో తియ్యడం మానేసింది.

తొంభైలు వచ్చాక మా వాడకు అక్షరాల క్లాసు వచ్చింది. మధ్యాహ్నం బీడీలు ఇచ్చేసి బడి అరుగు మీద కూర్చునేవాళ్లం. నాకప్పటికి నలభై దాటింది. పలక మీద నా పేరు నేనే రాసిన రోజు మా గుంపులో ఒకామె ఏడ్చింది, ఇంకొకామె ఖార్ఖానా చుట్టూ తిరిగి అందరికీ చూపించింది. నేను రెండూ చేయలేదు. డాలు అని రాసి చూశాను. మందు అని రాశాను. ఎంత చిన్న మాటలు! ఆ రోజు ఆమె చదవమని బతిమాలింది ఇవే. నాకు అప్పుడు చదువు వచ్చి ఉంటే ఏం చేసేదాన్నని చాలాసార్లు నన్ను నేనే అడిగాను. చదువు లేకపోవడం వల్లే అంతా జరిగిందని మా పంతులమ్మ దగ్గర అంటే ఆమె ఒప్పుకునేది, క్లాసులో అందరికీ చెప్పేది కూడా. అందుకే అనలేదు. అది నిజం కాదు. నా బిడ్డ చెప్పింది నాకు చెవులతో వినిపించింది, దానికి అక్షరాలు అక్కర్లేదు.

బస్సుల మీద బోర్డులు చదవడం ఆ రోజుల్లో నాకొక పిచ్చి. ఒకరోజు బస్టాండులో కోహెడ అని చదివాను. ఆ బస్సు పోనిచ్చాను. తర్వాత వచ్చినదీ పోనిచ్చాను. మూడోది ఎక్కాను.

ఆమెను వెతకాల్సిన పని పడలేదు. బడి పక్కన నోటుపుస్తకాలు, పెన్సిళ్లు, చాక్లెట్లు అమ్మే డబ్బాకొట్టు ఆమెదే. జుట్టు ముందు భాగం తెల్లబడింది. నన్ను చూసి గుర్తుపట్టింది. లేవలేదు, పొమ్మనలేదు.

"కూసో. ఎండల వడి వచ్చినవ్." ఒక స్టూలు జరిపింది. "పిల్ల ఎట్లున్నది?"

"మంచిగున్నది. ఇంటరు చదువుతున్నది."

"ఏం చదువుతున్నది?"

"లెక్కలు."

"గట్లనే ఉంటది. ముక్క దాసుకునుడు ఎర్క దానికి." ఒక పిల్ల వచ్చి రబ్బరు అడిగితే ఇచ్చి పంపింది. "నువ్వు సుత చదువు నేర్సినవట గద. మీ దిక్కోళ్లు ఎవలో చెప్పిన్రు."

"నేర్సిన." స్టూలును ఇంకాస్త దగ్గరికి జరుపుకున్నాను. "చెల్లె, నేను తప్పు జేసిన. పిల్ల నాకు చెప్పింది, గది ఆటని చెప్పింది. ఇని కూడ వచ్చి ఒర్రిన. నీ మీద నాకు కుళ్లుండె."

ఆమె గల్లా మీద దుమ్ము తుడిచింది, తుడిచిందే మళ్లీ తుడిచింది.

"వాడల చెప్పినవా?"

"ఏంది?"

"ఇప్పుడు నాకు చెప్పింది. వాడల చెప్పినవా?"

"లేదు."

"మరి నాకెందుకు చెప్తున్నవ్? నేను జెయ్యలేదని నాకెర్కనే గద. మీ వాడకే మా మేనత్త బిడ్డను ఇచ్చిన్రు. ఆ పిల్ల నన్ను పేరంటానికి పిల్వాల్నంటె భయపడ్తది. పో, గాడ చెప్పి రా."

కోపంగా అనలేదు. బస్సు వచ్చే వేళ కూడా ఆమే చెప్పింది.

చెప్పడానికి నాకు ఇంకో ఎనిమిది నెలలు పట్టింది. ఆ లోపల ముసలవ్వ చనిపోయింది. ఇంటి యజమాని దగ్గరికి పోతే, "పాతయి ఇప్పుడెందుకు తవ్వుతవ్," అని లోపలికి పోయాడు. చివరికి ఒక మధ్యాహ్నం ఖార్ఖానాలో, కట్టలు లెక్క చూసేదాకా అందరం ఆకు కత్తిరిస్తూ కూర్చుని ఉండగా అన్నాను.

"గా ప్రెస్సుల చేసే పిల్ల మీద మనం ఒట్టి మాటన్నం. గవి ఆట ముక్కలే."

కత్తెరల చప్పుడు ఆగింది.

"మరి నీ బిడ్డకు జరమెట్ల తగ్గింది?" అని ఒకామె అడిగింది.

"గోలీలతోని."

"గోలీలు అందరేస్కుంటరు," అందామె. "నువ్వు చదువు నేర్సినకాడికెంచి అన్ని కొత్త కొత్తగ చెప్తున్నవ్ పో!"

అందరూ నవ్వారు. వాళ్లతో పాటు నేనూ నవ్వాను. తర్వాత కత్తెరలు మళ్లీ మొదలయ్యాయి. మనం ఒట్టి మాటన్నం అని అందరినీ కలిపి చెప్పాను. బిడ్డ మాట విన్నానని, కుళ్లుతో అరిచానని చెప్పలేదు. ఆమె కొట్టు ముందు నేను చెప్పగలిగిన మాట, నన్ను రోజూ చూసే ఆ ఇరవై మంది ముందు నోటికి రాలేదు.

ఆ తర్వాత నేను కోహెడ పోలేదు. పోతే ఆమె అడుగుతుంది, ఏమని చెప్పినవని.