ములాఖత్ రోజున అవ్వ వేసుకున్న గాజులు

నా నోట్లో నువ్వుగింజ నానదని మా ఇంట్లో గట్టి నమ్మకం. నిన్న ఆసుపత్రి వరండాలో కూడా పెద్దమామ అదే పాట... "దీనికి చెప్పినా ఒకటే, టీవీ వాళ్ళకు చెప్పినా ఒకటే అప్పా!" అందరూ నవ్వారు. లోపల అవ్వకు ఆక్సిజన్ పెట్టి ఉంది. చూడాల్సిన వాళ్ళుంటే పిలిపించుకోండని డాక్టరు అప్పుడే చెప్పి వెళ్ళింది.

పిలవాల్సింది ఒక్కడినే... అవ్వ చిన్నకొడుకు, మా చిన్నమామ. జైల్లో ఉన్నాడు. రేపు ములాఖత్‌కు వెళ్ళేది నేను. తల్లికి సీరియస్ అంటే మామ పెరోల్ అడగొచ్చు. కానీ పోలీసులు వెంట వస్తే అపార్ట్‌మెంటులో అందరికీ తెలిసిపోతుందని పెద్దమామ భయం. "అవ్వకు మోకాళ్ళ నొప్పులని చెప్పు, చాలు. ఆ పొద్దు జారినట్ల మళ్లా నోరు జారితివా... చూడు!"

నోరు జారిందట. ఆ రోజు ఏం జరిగిందో మా వాళ్ళు ఎప్పుడూ తప్పుగానే చెబుతారు. అందుకే రాస్తున్నాను.

మా చిన్నప్పుడు బొమ్మనహళ్ళిలో ఒకే ఒక్క గదిలో ఉండేవాళ్ళం. చిన్నమామ గార్మెంట్ ఫ్యాక్టరీలో లోడింగు పని చేసేవాడు. అక్కడి గొడవలో ఒకతన్ని కొట్టాడు, అతను చనిపోయాడు. మామకు యావజ్జీవం పడింది. మామ కొట్టిన మాట నిజం. దాన్ని చిన్నది చేసి చెప్పను.

నెలకోసారి అవ్వా నేనూ వెళ్ళేవాళ్ళం, అప్పుడప్పుడు తాత కూడా వచ్చేవాడు. నేను నాలుగో తరగతి. అవ్వ చేసుకొచ్చిన నిప్పట్లు లోపలికి పంపేవారు కాదు, గేటు బయట కూర్చుని మేమే తినేవాళ్ళం. చేతి మీద ముద్ర వేసేవారు... మర్నాడు బడిలో ఎవరూ చూడకూడదని అమ్మ కొబ్బరి పీచు పెట్టి రుద్దేది.

ఆ ములాఖత్ గది తలుచుకుంటే ఇప్పటికీ చెవులు గింగురుమంటాయి. మధ్యలో రెండు వరుసల ఇనుప జాలీ. ఇటు మేము, అటు వాళ్ళు... కన్నడం, తెలుగు, తమిళం, ఉర్దూ, అన్నీ ఒకేసారి అరుపులు. అవ్వకు చెవుడు. మామ మాటలు నేను అవ్వ చెవిలో చెప్పాలి, అవ్వ మాటలు నేను మామకు అరవాలి. నా గొంతు ఇంత పెద్దదైంది అక్కడే.

మామ పెద్ద విషయాలేవీ అడిగేవాడు కాదు. "పాపా, బస్సులో కిటికీ దొరికెనా? ఏమేం చూస్తివి?" నేను కొత్త ఫ్లైఓవరు స్తంభాల గురించి, బోర్డు మారిన బేకరీ గురించి, రోడ్డు దాటలేక నిలబడిన ఎద్దు గురించి చెప్పేదాన్ని. మామ కళ్ళు మూసుకుని వినేవాడు.

తరువాత తాత పోయాడు. నిద్రలోనే... "లోపల ఉండేవానికి చెడ్డమాట చెప్పకూడదు" అని పెద్దవాళ్ళు తీర్మానించారు.

ఆ నెల జైలు దగ్గర బస్సు దిగాక, టీ అంగడి వెనక్కి పోయి అవ్వ సంచిలోంచి అమ్మ ఎర్రగాజులు తీసింది. పదకొండో రోజు నుంచి బోసిగా ఉన్న చేతులు. భర్త పోయాక గాజులు తొడగడం పాపమని నమ్మే మనిషి... ఏదో దేవుడికి చెప్పుకుంటూ ఒక్కొక్కటే ఎక్కించింది. నా నుదుటి మీది స్టిక్కరు పీకి తను పెట్టుకుంది. నా వైపు చూడలేదు.

"నాయన యాల రాలేదు?" అన్నాడు మామ.

"మోకాళ్ళ నొప్పులంట మామా!" అని అరిచాను. అవ్వ చెప్పమన్న మాట.

ఆ తర్వాత ప్రతిసారీ అంతే. అమ్మ గాజులు అవ్వకు చిన్నవి... తిరుగు బస్సు ఎక్కేముందు తీస్తుంటే తోలు గీసుకుపోయేది.

ఒకసారి మామ జాలీకి నుదురు ఆనించి, "పాపా, నాయన్ను ఆటోలో పిల్చుకొని రాండి. దూరంగా నిలబడినా చాలు, ఒక్క తూరి చూస్తా" అన్నాడు.

"తాత లేడు మామా. నిద్రలోనే చచ్చిపోయినాడు."

నోరు జారలేదు. మామ నన్ను అడిగాడు, నేను చెప్పాను.

చుట్టూ అరుపులు ఆగలేదు. అవ్వకు నా మాట వినబడలేదు కానీ కొడుకు ముఖం చూసింది. మెల్లగా నుదుటి మీది స్టిక్కరు తీసేసింది.

జాలీకి ఆనించిన నుదురు తీయకుండానే మామ అడిగాడు... "ఆ రాత్రి అన్నం తినెనా?"

"సంకటి తినె మామా. రెండో తూరి కూడా పెట్టించుకునె."

మామ తల ఊపాడు. అప్పుడు ఏడ్చారు ఇద్దరూ, జాలీకి అటొకరు ఇటొకరు.

ఇంట్లో నాకు దెబ్బలు పడ్డాయి. అవ్వ మాత్రం ఒక్క మాట అనలేదు. ఆ రోజు బస్సులో నా భుజం మీద తల పెట్టి నిద్రపోయింది... తాత పోయాక ఆవిడ అంత గాఢంగా నిద్రపోవడం నేను చూడలేదు. మళ్ళీ గాజుల జోలికి పోలేదు. కాళ్ళు ఆడినన్నాళ్ళూ బోసిచేతులతోనే కొడుకును చూడ్డానికి వెళ్ళింది.

కానీ మామకు తండ్రి కడచూపు లేకుండా పోయింది. దాని గురించి మా ఇంట్లో ఎవరూ మాట్లాడరు. నా నోటి గురించే మాట్లాడతారు.

ఇప్పుడు ఆ జాలీ లేదు. అద్దం, పక్కన ఫోను... ఎవరూ అరవక్కర్లేదు, గుసగుసలాడినా వినిపిస్తుంది. ఇంట్లో వాళ్ళు మాత్రం ఇంకా అదే మోకాళ్ళ నొప్పుల దగ్గరే ఉన్నారు.

మీ ఇళ్ళలోనూ దూరంగా ఉన్న మనిషి దగ్గర ఇలా దాచిన మాటలు ఉండే ఉంటాయి. దాచినవాళ్ళైనా, తెలియక ఉండిపోయినవాళ్ళైనా... రాయండి, చదువుతాను.

పెరోల్ అర్జీ కోసం డాక్టరు దగ్గర సర్టిఫికెట్ తీసుకున్నాను. రేపు మామకు చెప్తున్నాను.