శాంతమ్మ తీసుకున్న బుగులు

జిన్నులను, దెయ్యాలను మా అమ్మీ నమ్మేది. నాకు నమ్మకం లేదు. ఇంట్లో ఎవరికి జ్వరం వచ్చినా ఆమె దర్గాకు బయల్దేరితే, నేను దవాఖానకు తీసుకెళ్లేదాన్ని. అందుకే ఇది చెప్పాలంటే నాకే మొహమాటంగా ఉంది.

తెలంగాణ ఇంకా రాని రోజులు. నాకు రొమ్ము క్యాన్సర్ వచ్చి హైదరాబాద్‌లో ఆపరేషన్ అయింది. తగ్గిపోయిందన్నారు. అదే వార్డులో కంగ్టి నుంచి వచ్చిన శాంతమ్మ పరిచయమైంది. నాకంటే చిన్నది. కందిచేలల్లో కూలి, ఆదివారం చర్చి, ఎప్పుడూ నవ్వే. తర్వాత చెకప్‌లకు నారాయణఖేడ్‌లో ఇద్దరం ఒకే బస్సెక్కేవాళ్లం.

హైదరాబాద్ దవాఖానలో డాక్టర్ కంటే ముందు ఒక కౌన్సెలర్ అమ్మాయి మాతో మాట్లాడేది. జబ్బు మళ్లీ వస్తుందని భయమేస్తుందా, నిద్ర పడుతుందా అని అడిగేది. "నాకేం బుగులు లేదు మేడం," అనేది శాంతమ్మ. నేను ఏడ్చేదాన్ని. వంట మధ్యలో గడ్డ ఉందేమోనని చంకలో తడుముకునేదాన్ని. ఒకటే కల వచ్చేది. పుట్టింటి వాకిట్లో ఎవరో నా పెళ్లినాటి పచ్చ బద్దీల చెప్పులు కడిగి, ఇక వాటితో పని లేదన్నట్టు గోడ మీద బోర్లిస్తుంటారు. ఆ కల నా భర్తకు కూడా చెప్పలేదు.

ఒకసారి తిరిగొస్తుంటే, మధ్యాహ్నం బస్సులో, చంకలో తడుముకుంటున్న నా చెయ్యి శాంతమ్మ పట్టుకుంది.

"అక్కా, నీ బుగులు నాకియ్యి. నాకెట్లాగూ లేదు గదా, నేను మోస్త."

"తీస్కో పో," అన్నాను నవ్వుతూ.

బస్సు దిగేసరికి ఆకలేసింది. ఎన్నో నెలల తర్వాత మిర్చి బజ్జీలు కొనుక్కుని తిన్నాను. ఆ కల మళ్లీ రాలేదు.

తర్వాతి చెకప్‌లో భయం లేదన్నాను. నిజంగానే లేదు. పక్కన శాంతమ్మకు చెమటలు పడుతున్నాయి. పరీక్షల్లో ఇద్దరికీ ఏమీ లేదనే వచ్చింది. అయినా ఆమె చెయ్యి చంకలోంచి తియ్యలేదు.

"ఒక్కటే కల పడుతున్నది మేడం," అంది. "ఎవరో పచ్చ బద్దీల చెప్పులు కడుగుతుండ్రు. గవి నాయి గూడ కావు. అయినా గుండె ఝల్లుమంటది."

ఆ చెప్పులు నాకు శాంతమ్మ తెలియక ముందే, ఎన్నో ఏళ్ల కింద తెగిపోయాయి.

బస్సులో కునుకు తీస్తూ కలవరించానేమో, విన్నదేమో అని సర్దిచెప్పుకుంటాను. మరి నా భయం ఎటు పోయినట్టు? ఆ మధ్యాహ్నం ఏం జరిగిందో నాకు ఇప్పటికీ అంతు చిక్కదు.

శాంతమ్మ కూలికి పోవడం మానేసింది. ఒకరోజు బస్సులో అడిగింది.

"నీకెట్ల పోయింది అక్కా? నాకు గూడ చెప్పు."

వాపస్ ఇచ్చెయ్ అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. నిజంగానే ఇచ్చేస్తుందేమోనని మింగేశాను.

"రోజులు గడిస్తే అదే పోతది," అని కిటికీ వైపు తిరిగాను.