పిండి మిషన్ రత్నక్క చదివిన నవలలు

మొన్న కర్నూలులో మా వీధి చివర కొత్తగా పెట్టిన పిండి మిషన్‌కు జొన్నలు తీసుకుని వెళ్ళాను. పట్టించిన పిండిని నా డబ్బాలోకి తోసి ఇచ్చాడు ఆ మిషన్ అతను. మూత పెట్టబోతూ చేయి ఆపాను. అప్పుడే రాళ్ళ మధ్య నుంచి వచ్చిన జొన్నపిండికి ఒక వాసన ఉంటుంది. కొంచెం మాడినట్టు, కొంచెం తియ్యగా, ఎండలో ఆరిన బట్టను ముఖానికి ఆనించుకున్నంత వెచ్చగా ఉంటుంది. ఆ వాసన తగిలితే నాకు పుస్తకాలు గుర్తొస్తాయి. రెండు వేల సంవత్సరం దాటిన తొలి ఏళ్ళలో, డోన్‌లో నేను చదివిన ప్రతి నవల పేజీల మధ్యా అలాంటి పిండి ఉండేది. పేజీ తిప్పితే వేళ్ళకు అంటుకునేది. అవన్నీ రత్నక్క చదివి నాకు ఇచ్చినవి.

రత్నక్క పూర్తి పేరు నాగరత్నమ్మ. డోన్‌లో మేము అద్దెకున్న ఇంటి పక్కనే ఆమె పిండి మిషన్. ఆమె భర్త ఎర్రగుంట్ల నుంచి సిమెంటు తోలే లారీ డ్రైవరు. వారంలో ఐదు రోజులు రోడ్డు మీదే ఉండేవాడు. ముగ్గురు పిల్లలు, ఇల్లు, మిషన్ అన్నీ ఆమె ఒక్కతే చూసుకునేది. నేను పత్తికొండ వైపు పల్లెటూరి నుంచి వచ్చినదాన్ని. మా ఆయన లారీ బుకింగ్ ఆఫీసులో పని చేసేవాడు. నేను ఇంట్లో రవికెలు కుట్టేదాన్ని. మాకు అప్పటికి రెండేళ్ళ కూతురు.

మొదటిసారి జొన్నలు పట్టించడానికి వెళ్ళినప్పుడు ఆమె ఇనుప స్టూలు మీద కూర్చుని ఉంది. తలకు గుడ్డ కట్టుకుంది. కనుబొమల మీద కూడా తెల్లగా పిండి. మోకాలి మీద పుస్తకం. నా వైపు చూడకుండానే, డబ్బా అక్కడ పెట్టమని చేత్తో సైగ చేసింది. ఎంత గర్వం అనుకున్నాను. కాసేపటికి పుస్తకంలోంచి తల ఎత్తకుండానే లేచి, మిషన్ పైన తొట్టిలో గింజలు సరిగ్గా అయిపోయే క్షణానికి నా జొన్నలు పోసింది. నేను ఆశ్చర్యపోయి చూస్తుంటే, మోటారు ఆపాక నవ్వింది.

“గింజలు అయిపోవస్తే రాళ్ళ సద్దు మారతాదిమ్మే. చెవి ఆడ పెట్టి, కండ్లు ఈడ పెడతా.”

“ఇంత పనిలో చదవడానికి తీరిక ఎక్కడిదక్కా?” అని అడిగాను.

“తీరిక యాడుండాది? పిల్లోళ్ళ టైము పిల్లోళ్ళది. మిషన్ టైము మిషన్‌ది. ఒక డబ్బా గింజలు పోస్తే అవి దిగేలోపల పేజీన్నర అయితాది. ఆ పేజీన్నర నాది.”

అలా పేజీన్నర చొప్పున ఆమె నెలకు నాలుగు నవలలు చదివేది. బస్టాండు దగ్గర అద్దెకు పుస్తకాలిచ్చే చిన్న షాపు ఉండేది. వారానికొకటి తెచ్చుకునేది. వాటి గురించి మాట్లాడడం మాత్రం నెలకు ఒక్కరోజే. మా వైపు అమావాస్య నాడు మిషన్లు ఆడించరు. ఆ రోజు పొద్దున్నే మిషన్ కడిగి, పసుపు కుంకుమ పెట్టి, నిమ్మకాయ కోసి, పిల్లలకు తలంట్లు పోసి, మధ్యాహ్నం మూడు గంటలకు మిషన్ గది గడప మీద కూర్చునేది. వీధిలోని ఇద్దరు ముగ్గురు ఆడవాళ్ళు వచ్చేవారు. నేను హుక్కులు కుట్టాల్సిన రవికె ఒకటి చేతిలో పట్టుకుని వెళ్ళేదాన్ని.

కథ చెప్పేది కాదు. కథ కావాలంటే చదువుకోండి అనేది. ఆ పుస్తకంతో తనకు ఎక్కడ కుదిరిందో, ఎక్కడ పోట్లాట అయిందో, అదే చెప్పేది. ఒకసారి ఒక లావుపాటి నవల ఒళ్ళో పెట్టుకుని ఇలా మొదలుపెట్టింది:

“ఈయమ్మకు ఇద్దురు చిన్న పిల్లోళ్ళు. కిటికీ కాడ నిలబడి రెండు పేజీలు వాన చూస్తాది. ఆ రెండు పేజీలూ పిల్లోళ్ళు యాడున్నారప్పా? ఒకడన్నా అమ్మా అని పిలవల్ల గదా! ఇది రాసినాయన ఇంట్లో పిల్లోళ్ళను ఎవురో ఎత్తుకోని ఉంటారు.”

మేము పడీ పడీ నవ్వాము. కానీ ఆమెకు అన్నీ వెటకారమే అనుకోకూడదు. మరో నెల, కరువులో ఎద్దును అమ్ముకున్న ఒక ముసలాయన కథ చదివింది. “ఎద్దును ఇడిసిపెట్టి ఇంటికొచ్చినాడు. చేతిలో దాని పలుపుతాడు ఉండాది. దాన్ని యాడ తగిలించల్లనో తెలీక గుమ్మంలో నిలబడినాడు. ఆడికి ఆపేసినా. ఆ పొద్దు మళ్ళా పుస్తకం ముట్టలేదు,” అంది. ఆ పేజీ చదువుతున్నప్పుడే ఆమె ఒకరి రాగుల మీద మరొకరి బియ్యం పోసేసింది. ఆ ఇద్దరూ వచ్చి అరిస్తే, తన ఇంట్లోని బియ్యం, రాగులు తెచ్చి మళ్ళీ పట్టి ఇచ్చింది. కలిసిపోయిన పిండితో రత్నక్క వాళ్ళింట్లో వారం రోజులు రొట్టెలు చేసుకున్నారు.

నాలుగో ఐదో అమావాస్యకు నన్ను అడిగింది. అంతకుముందు వారం ఒక పుస్తకం ఇచ్చింది.

“నువ్వు చెప్పు సుజాతా. ఎట్లుండాది?”

“బాగుందక్కా.”

“చీర అయితే బాగుందంటే సరిపాయ. నీకు యాడ కోపమొచ్చె? యాడ భయమేసె? అది చెప్పు.”

నేను తల వంచుకుని రవికెకు హుక్కు కుట్టసాగాను. నా అభిప్రాయం ఏమిటని అప్పటిదాకా నన్ను ఎవరూ అడగలేదు. పుట్టింట్లో అడగలేదు, అత్తవారింట్లో అడగలేదు, నాకు నేను కూడా ఆ ప్రశ్న వేసుకోలేదు. ఆమె మాత్రం ప్రతి నెలా అడుగుతూనే ఉంది. కొన్ని నెలలకు నోరు పెగిలింది. ఒక నవలలో చిన్న కోడలు అబద్ధమాడిందని అందరూ ఆమెను దూరం పెడతారు. “నిజం చెప్పడానికి ఆ ఇంట్లో ఆమెకు ఎవరు చోటిచ్చారక్కా?” అన్నాను. రత్నక్క మిగతావాళ్ళ వైపు తిరిగి, “ఇన్నారా? అభిప్రాయం అంటే ఇదీ,” అంది. ఆ సాయంత్రం నేను చారులో ఉప్పు వేయడం మరిచిపోయాను.

ఆమె తప్పు చేయని మనిషి కాదు. పుస్తకంలో మునిగి ఉన్నప్పుడు పిల్లలు పిలిస్తే కసిరేది. ఒకసారి ఆమె రెండో కూతురు మా అందరి ముందే, “నవల్లో పిల్లోళ్ళ మీద ఉండే జాలి మా మీద ల్యాదు నీకు,” అంది. రత్నక్క ముఖం చిన్నబోయింది. పుస్తకం మూసి పక్కన పెట్టి, ఆ పిల్లను ముందు కూర్చోబెట్టుకుని జడ వేసింది. ఆ వారం కొత్త పుస్తకం తెచ్చుకోలేదు. తరువాతి అమావాస్యకు, “మొన్న కిటికీ కాడ వాన చూసినామెను శానా ఎగతాళి చేసినా. నేనూ అంతే గదా,” అని తనంతట తనే ఒప్పుకుంది. ఒక పెద్ద మనిషి తన పిల్లలు వింటుండగా మాట వెనక్కి తీసుకోవడం నేను చూసింది అదే మొదటిసారి.

మేము డోన్ వచ్చిన రెండో ఏడు ఎండాకాలంలో, స్నానం చేస్తుంటే నా ఎడమ రొమ్ములో చింతగింజంత గడ్డ చేతికి తగిలింది. మా పెద్దమ్మ అలాంటి గడ్డతోనే పోయింది. ఆమె చివరి రోజులు నేను కళ్ళారా చూశాను. అందుకే ఎవరికీ చెప్పలేదు. చెబితే అది నిజమైపోతుందని భయం. మా ఆయనకు చెబితే ఆయన ముఖం ఎలా మారుతుందో అని భయం. డాక్టరు ముందు రవికె విప్పాలంటే సిగ్గు. పాపకు అప్పటికి నాలుగో ఏడు. దాని జడ వేస్తున్నప్పుడు, దీనికి రేపు ఎవరు వేస్తారు అనుకునేదాన్ని. అలా ఐదు నెలలు గడిచాయి. గడ్డ రేగుపండంత అయింది.

ఆ సమయంలోనే రత్నక్క ఒక నవల ఇచ్చింది. అందులో ఒక ఇల్లాలికి పెద్ద జబ్బు వస్తుంది. భర్త బాధపడతాడని, పిల్లల చదువు చెడుతుందని ఎవరికీ చెప్పకుండా, నవ్వుతూ అందరికీ అన్నీ అమర్చి, చివరి అధ్యాయంలో కన్ను మూస్తుంది. అప్పుడు అందరికీ ఆమె గొప్పతనం తెలుస్తుంది. నేను దాన్ని రెండుసార్లు చదివి ఏడ్చాను. ఇలాగే ఉండాలి అనుకున్నాను. చెప్పడానికి ఇప్పుడు సిగ్గుగా ఉంది కానీ, నా భయానికి ఆ పుస్తకం మంచి పేరు పెట్టినట్టు అనిపించింది.

అమావాస్య వచ్చింది. ఆ రోజు గుడిలో ఏదో పూజ ఉండి, మిగతావాళ్ళు రాలేదు. మేమిద్దరమే. నేనే ముందు, “ఎంత మంచి మనిషక్కా ఆమె,” అన్నాను.

రత్నక్క పుస్తకాన్ని గడప మీద పెట్టిన చప్పుడు నాకింకా గుర్తుంది.

“మంచి మనిషా? నాకు ఒళ్ళు మండిపాయ సుజాతా. పన్నెండో పేజీలో ఆయమ్మకు తెలిసె. ఆ పొద్దే నోరు తెరిచి మొగునికి చెప్పి ఉంటే ఇరవయ్యో పేజీకి కథ అయిపోవును. పోనీ! అయిపోతే ఎవురి సొమ్ము పాయ? మూడు నూర్ల పేజీలు పిల్లోళ్ళకు అబద్ధం చెప్పి సచ్చిపాయ. ఆ పిల్లోళ్ళు పెద్దయినాక, మా అమ్మ మాకెందుకు చెప్పలేదని ఎన్నేండ్లు ఏడ్సల్ల? అది రాయలేదు సూడు ఆయన!”

నా చేతిలోని సూది వేలికి గుచ్చుకుంది. లేచి మిషన్ వెనక్కి వెళ్ళి గోడకు ఆనుకుని నిలబడ్డాను. ఆమె నా వెనకే వచ్చింది.

“ఏమాయమ్మే? ఏమన్నా తప్పుగా అంటినా?”

“నాక్కూడా ఉందక్కా,” అన్నాను.

ఆమె నేను చేయి పెట్టుకున్న చోటు చూసింది.

“ఎన్ని నెలలాయ?”

“ఐదు.”

ఆమె తిట్టలేదు. భయపడకు అని కూడా అనలేదు. నా వేలి మీద రక్తాన్ని తన కొంగుతో తుడిచి, “ఈ పొద్దు సాయంత్రం నీ మొగునికి నువ్వే చెప్పల్ల. నేను చెప్పేది గాదు. రేపు పొద్దున బస్సుకు కర్నూలు పోతాం,” అంది.

చెప్పాను. మా ఆయన, “ఐదు నెలలు ఒక్కదానివే మోసినావా? నేను అంత పనికిరానోణ్నా?” అన్నాడు. పొద్దున్నే పాపను రత్నక్క పెద్ద కూతురికి అప్పజెప్పి ముగ్గురం బయలుదేరాము. అమావాస్య కాని రోజు రత్నక్క మిషన్‌కు తాళం పడడం వీధిలో ఎవరూ ఎరగరు. పిండికి వచ్చినవాళ్ళు ఆమెకేమైందో అని వాకబు చేశారట.

ఆసుపత్రిలో ఆడవాళ్ళ గది లోపలికి ఆమె నాతో వచ్చింది. డాక్టరమ్మ చేత్తో చూసి, సూదితో కొంచెం తీసి పరీక్షకు పంపింది. వారం తరువాత రమ్మంది. ఆ వారం ఎలా గడిచిందో సరిగా గుర్తు లేదు. రవికెలు కుట్టాను, కుట్టినవి మళ్ళీ విప్పాను. రత్నక్క రోజూ సాయంత్రం వచ్చి నా పక్కన కూర్చునేది. నవలల మాటే ఎత్తలేదు.

వారం తరువాత మళ్ళీ ముగ్గురం వెళ్తే, డాక్టరమ్మ కాగితం చూసి, “ఇది చెడ్డ గడ్డ కాదమ్మా. పెరుగుతోంది కాబట్టి తీసేద్దాం. చిన్న ఆపరేషనే. నాలుగు రోజుల్లో నీ పని నువ్వు చేసుకుంటావు,” అంది. నాకు ముందు అర్థం కాలేదు. రెండోసారి చెప్పించుకున్నాను. మా ఆయన గోడ వైపు తిరిగి కళ్ళు తుడుచుకున్నాడు. నాకు నవ్వు వచ్చింది. ఆపుకోలేనంత నవ్వు. ఎన్నో నెలల తరువాత గుండెల నిండా గాలి పీల్చినట్టు అనిపించింది. బయటకు వచ్చి చూస్తే రత్నక్క మెట్ల మీద కూర్చుని వెక్కి వెక్కి ఏడుస్తోంది.

“అంతా బాగుంటే ఏడుస్తావేమక్కా?”

“నేను ఏ నవలైనా చివరి పేజీ ముందు చూసి మొదలుపెడతానమ్మే. ఎవురికీ చెప్పలేదు, సిగ్గుతో. దీనికి చివరి పేజీ యాడుండాదో తెలీకపాయ. నిన్ను ఈడికి తోడుకొచ్చింది నేనే గదా. ఏమన్నా అయి ఉంటే…” అని కొంగుతో ముఖం తుడుచుకుంది.

ముగ్గురం పక్కనున్న హోటల్లో ఉగ్గాణి, బజ్జీ తిన్నాము. అంత ఆకలి నాకు ఎప్పుడూ వేయలేదు. రత్నక్క నా ప్లేటులోకి తన బజ్జీ కూడా వేసి, “తిను, తిను,” అంటూనే ఉంది.

ఆపరేషన్ అయింది. నాలుగేళ్ళకు మేము కర్నూలు వచ్చేశాము. ప్యాకెట్ పిండి వచ్చాక రత్నక్క మిషన్ కూడా తీసేసి, బనగానపల్లెలో పెద్ద కూతురి దగ్గర ఉంటోంది. కళ్ళకు ఆపరేషన్ చేయించుకుని, ఇప్పుడు కూర్చున్నచోటి నుంచి లేవకుండా వంద పేజీలు చదువుతానని ఫోన్లో చెబుతుంది.

నాకు ఇప్పుడు సొంతంగా టైలరింగ్ షాపు ఉంది. రవికె కొలతలకు ఆడవాళ్ళు తెర వెనక్కి వస్తారు. టేపు చుట్టి అంకెలు రాసుకున్నాక, నేను ప్రతి ఒక్కరినీ ఒక మాట అడుగుతాను. గడ్డలాంటిది ఎప్పుడైనా చేతికి తగిలిందా, తగిలితే ఎవరికైనా చెప్పారా అని. కొందరు నవ్వుతారు. కొందరికి కోపం వస్తుంది, మళ్ళీ రారు. ఎప్పుడో ఒకరు మాత్రం జవాబు చెప్పకుండా, పైట సర్దుకుంటూ, అక్కడే నిలబడిపోతారు. అప్పుడు నేను షాపు తలుపు దగ్గరకు వేసి వచ్చి, స్టూలు వాళ్ళ వైపు జరిపి, కూర్చోమంటాను.